ఒక్క మిల్లీమీటరు కోసం ఆరు రోజులు

మొదటి రోజు: సంచి, స్కేలు

ఆరు రోజుల్లో నాలుగు రకాల నేల తిరగాలి: చెరువు గట్టు, తడి అడవి, బోడి కొండ, సముద్రపు ఒడ్డు. పని మాక్రో ఫోటోగ్రఫీ, అంటే చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా ఫోటో తీయడం. కాబట్టి ఎక్కడికి వెళ్ళినా వెతికేది చిన్నవాటినే. గోటి మీద పట్టేవి కొన్ని, గుండుసూది తల మీద పట్టేవి కొన్ని. రోజు మొత్తంలో నడిచేది రెండు మూడు కిలోమీటర్లకు మించదు. వంగడం, మోకాళ్ళ మీద కూలబడడం, బోర్లా పడుకోవడం మాత్రం లెక్కలేనన్ని సార్లు. అందుకే సంచిలో ముందు పడాల్సింది మోకాళ్ళ కింద వేసుకునే దళసరి చాప. లెన్సుల సంగతి ఆ తర్వాత.

100 మి.మీ. మాక్రో లెన్స్ ఒకటి ఉంటే ఈ ప్రయాణం మొత్తం గడిచిపోతుంది. 60 మి.మీ. తేలికే కానీ, నిండు సైజులో, అంటే కెమెరాలో వెలుతురు పడే సెన్సర్ మీద వస్తువు తన అసలు కొలతలోనే పడే 1:1లో, లెన్స్ అంచుకూ పురుగుకూ మధ్య 10 సెం.మీ. కూడా మిగలదు. లెన్స్ నీడే పురుగు మీద పడుతుంది. 100తో 14, 15 సెం.మీ. జాగా దొరుకుతుంది. 180, 200 మి.మీ. లెన్సులతో ఇంకో పది సెంటీమీటర్లు కలిసొస్తాయి, బరువూ వణుకూ కూడా పెరుగుతాయి.

మాక్రో లెన్స్ లేనివాళ్ళకు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు ఉన్నాయి. ఫోకస్ ఇన్ఫినిటీ (అన్నిటికంటే దూరం) దగ్గర పెట్టి చూస్తే లెక్క తేలికే: ట్యూబు పొడవును లెన్స్ ఫోకల్ లెంత్‌తో, అంటే లెన్స్ మీద రాసి ఉండే మి.మీ. అంకెతో, భాగించాలి. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. ట్యూబు తగిలిస్తే సగం సైజు, 50 మి.మీ. తగిలిస్తే నిండు సైజు. అదే 25 మి.మీ. ట్యూబును 200 మి.మీ. లెన్స్‌కు తగిలిస్తే ఎనిమిదో వంతే. పొడవు లెన్సులకు ముందు బిగించే క్లోజప్ లెన్స్ నయం. +2 డయాప్టర్‌ది (డయాప్టర్ అంటే లెన్స్ శక్తి కొలత) పెడితే 200 మి.మీ. లెన్స్ అరమీటరు దూరం నుంచే 0.4 సైజు ఇస్తుంది, వెలుతురు కూడా తగ్గదు.

మిగతా సామాను: మధ్య కడ్డీ లేని ట్రైపాడ్, ఇసుకో గింజలో నింపిన సంచి, ఫ్లాష్, దాని వెలుతురును మెత్తబరిచే డిఫ్యూజర్, తెల్ల అట్ట, నల్ల అట్ట, నీళ్ళు చిమ్మే సీసా, బట్టల క్లిప్పులు రెండు, మెరుపులను తగ్గించే పోలరైజర్ ఫిల్టర్, దుమ్ము ఊదే బుడగ, తలకు కట్టుకునే లైటు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. రిమోట్ మర్చిపోతే రెండు సెకన్ల టైమర్ ఉంది. తెల్ల అట్ట మర్చిపోతే మాత్రం మూడో రోజు గుర్తొస్తుంది.

చేరిన సాయంత్రం తిరగడానికి వెలుతురు ఉండదు. ఆ గంటలో చేయాల్సిన పని ఒకటుంది. బల్ల మీద మిల్లీమీటర్ల స్కేలును 45 డిగ్రీల వాలులో నిలబెట్టి, 1:1లో ఫోకస్ చేసి, అపర్చర్‌ను (లెన్స్ లోపలి రంధ్రాన్ని; అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్/4, 5.6, 8, 11, 16, 22కి మారుస్తూ వరసగా తీయాలి. ఎన్ని గీతలు పదునుగా వచ్చాయో లెక్కపెట్టి 0.7తో గుణిస్తే మీ లెన్స్ అసలు డెప్త్, అంటే ఒకేసారి పదునుగా పట్టే మందం, తెలుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు) సెన్సర్ మీద, 0.03 మి.మీ. మసకను ఒప్పుకునే పాత లెక్కలో, 1:1 దగ్గర ఎఫ్/8కి వచ్చేది దాదాపు 1 మి.మీ. సగం సైజులో అయితే 3 మి.మీ.కి దగ్గరగా. రెట్టింపు సైజుకు వెళ్తే మిల్లీమీటరులో మూడో వంతు కాస్త దాటుతుంది, అంతే.

"అయితే ఎఫ్/22 పెట్టేస్తే సరిపోదా" అన్న ప్రశ్నకు జవాబు ఆ స్కేలు ఫోటోల్లోనే ఉంటుంది. గీతలు ఎక్కువ కనిపిస్తాయి, ఒక్కటీ పదునుగా ఉండదు. దగ్గరికి వెళ్ళేకొద్దీ అపర్చర్ తాను చెప్పుకునే అంకెలా పనిచేయదు. 1:1 దగ్గర ఎఫ్/8 అన్నది ఎఫ్/16లా, ఎఫ్/16 అన్నది ఎఫ్/32లా ప్రవర్తిస్తుంది. సన్నటి రంధ్రం గుండా వచ్చిన వెలుతురు చుక్కగా పడకుండా చిన్న పళ్ళెంలా పరుచుకుంటుంది. ఇలా మారిన ఎఫ్/16లో దాని వెడల్పు 21 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎఫ్/22లో 30, ఎఫ్/32లో 43. మనం ఒప్పుకున్న మసక 30 మైక్రాన్లే కనుక 1:1 దగ్గర ఎఫ్/11 దాటితే డెప్త్ కోసం పెట్టిన ఖర్చు పదునులోంచి పోతుంది. కొన్ని కెమెరాలు తెర మీద ఈ మారిన అంకెనే చూపిస్తాయి, కొన్ని లెన్స్ మీద రాసినదాన్నే చూపిస్తాయి. మీది ఏ రకమో ఈ రాత్రే చూసుకోవాలి.

కాబట్టి చేతిలో ఉన్నది ఒక్క మిల్లీమీటరు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే రేపటి నుంచి పని.

రెండో రోజు: చెరువు గట్టు

ముందు రాత్రి పడుకునే ముందు ఒకసారి ఆకాశం చూడాలి. చుక్కలు స్పష్టంగా ఉండి, గాలి నిలిచిపోయి ఉంటే తెల్లారి మంచు బాగా పడుతుంది. మబ్బు పట్టి ఉంటే నేల వేడిని మబ్బు తిప్పి పంపుతుంది, గడ్డి చల్లబడదు, మంచు దక్కదు. అలాంటప్పుడు అలారం అరగంట వెనక్కి పెట్టుకున్నా నష్టం లేదు.

గట్టు మీదికి సూర్యోదయానికి నలభై నిమిషాల ముందే చేరాలి. రాత్రి చలికి తూనీగల ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది. వాటి వేడి చాలావరకు బయటి నుంచి రావాల్సిందే, ఒళ్ళు వేడెక్కేదాకా ఎగరలేవు. వెతకడానికి టార్చిని నేలకు సమాంతరంగా, గడ్డి కొసల మీదుగా తిప్పాలి. మంచు పట్టిన రెక్క గాజు ముక్కలా మెరుస్తుంది. పైనుంచి కిందికి వెలుతురు వేస్తే గడ్డి తప్ప ఏమీ కనబడదు.

కనబడ్డాక తొందరపడితే అంతా చెడుతుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ట్రైపాడ్ కాలిని నేరుగా గడ్డిలోకి దించడం. తూనీగ పట్టుకున్న పరకకు పక్క పరక ఆనుకుని ఉంటుంది, దానికి ఇంకోటి. రెండడుగుల దూరంలో ఒకటి కదిపితే ఇక్కడ చుక్కలన్నీ రాలతాయి. కాబట్టి ఒక్కో కాలు దించే ముందు ఏ పరక దేన్ని తాకుతోందో చూసి, చేత్తో నెమ్మదిగా పక్కకు ఒత్తి, ఆ ఖాళీలోకి కాలు పెట్టాలి. పరక ఊగుతుంటే దాని అడుగుభాగాన్ని ఒక క్లిప్పుతో పట్టించి, ఆ క్లిప్పును నేలలో గుచ్చిన పుల్లకు కట్టొచ్చు. పురుగుకు బెత్తెడు కిందే క్లిప్పు ఆగాలి, పైకి వెళ్తే అది దిగిపోతుంది.

సూది తూనీగ రెక్కలు ముడుచుకుని కూర్చుంటుంది కాబట్టి తల నుంచి తోక దాకా ఒకే తలంలో ఉంటుంది. పక్క నుంచి తీయడానికి అంత వీలైనది ఇంకోటి లేదు. పెద్ద తూనీగ రెక్కలు చాచి కూర్చుంటుంది. దాన్ని పైనుంచి తీస్తే రెక్కలు, ఎదురుగా తీస్తే కళ్ళు, రెండూ కావాలంటే కుదరదు. వేల కొద్దీ చిన్న కళ్ళు అతికించినట్టుండే ఆ కన్నే ముఖ్యమైతే మిల్లీమీటరును అక్కడే ఖర్చు పెట్టి మిగతాదాన్ని మసకకు వదిలేయాలి.

పక్క నుంచి తీసేటప్పుడు కెమెరా వెనుక భాగం పురుగు ఒంటికి సమాంతరంగా ఉందో లేదో కంటికి తెలియదు. తెలుసుకునే పద్ధతి ఇది. అపర్చర్ పూర్తిగా తెరిచి, కెమెరా తెర మీది లైవ్ వ్యూలో పెద్దది చేసి, తల మీద ఫోకస్ చేయాలి. ఫోకస్ తాకకుండా తోక కొసకు జరిగి చూడాలి. తోక మసకగా ఉంటే ట్రైపాడ్ తలను ఒక డిగ్రీ, అర డిగ్రీ తిప్పి మళ్ళీ తల దగ్గర మొదలుపెట్టాలి. నాలుగైదు సార్లలో రెండు కొసలూ పదునెక్కుతాయి. అప్పుడు ఎఫ్/8కి దింపితే నడుమంతా తనంతట తానే కుదురుతుంది.

వెలుతురు తక్కువ కనుక ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400 దగ్గర షట్టర్ 1/8, 1/4 సెకను దాకా పోతుంది. వణుకు తగ్గించే లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయాలి, టైమర్ పెట్టాలి, ఇక గాలి ఆగేదాకా కూర్చోవాలి. గాలి లేదనిపించినప్పుడు కూడా ఉంటుంది. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్‌లో 36 మి.మీ. వెడల్పుకు 6,000 పిక్సెళ్ళు. నిండు సైజులో పురుగు ఒక మిల్లీమీటరు ఊగిందంటే ఫోటోలో 160కి పైగా పిక్సెళ్ళు జరిగినట్టు. చెంప మీద తెలియని గాలి ఆ పని చేస్తుంది. ఒకే ఫ్రేము పది పదిహేను సార్లు తీసి, అందులో ఆగినదాన్ని ఏరుకోవడం ఒక్కటే దారి.

మంచు చుక్కలో వెనకున్న పువ్వు తలకిందులుగా కనిపించే ఫోటోలు అందరూ చూసే ఉంటారు. తీయడానికి కూర్చుంటే చుక్క అంచు పదునుగా వస్తుంది, లోపలి పువ్వు అలుక్కుపోయినట్టుంటుంది. కారణం చుక్క కూడా ఒక లెన్సే. గుండ్రటి నీటి చుక్క దూరపు వస్తువు బింబాన్ని తన కేంద్రం నుంచి దాదాపు రెండు వ్యాసార్ధాల దూరంలో, కెమెరా వైపు ఏర్పరుస్తుంది. 3 మి.మీ. వెడల్పు చుక్కలో అంచు ఉన్నది కేంద్రం తలంలో. పువ్వు బింబం ఉన్నది దానికి 3 మి.మీ. ముందు, అంటే చుక్క లోపల కాదు, దాని ముందున్న గాలిలో. చేతిలో ఉన్నది ఒక్క మిల్లీమీటరు. రెండూ ఒక్క ఫోటోలో అందవు. ఒకటి బింబం మీద, ఒకటి అంచు మీద తీసి తర్వాత కలపాలి. ఒక్కటే చాలనుకుంటే బింబాన్నే ఎంచుకోవాలి, అంచు మసకబారినా కన్ను ఒప్పుకుంటుంది. వెనక పువ్వును చుక్కకు మరీ దగ్గరగా పెడితే బింబం ఇంకా ముందుకు జరుగుతుంది, ఏడెనిమిది సెంటీమీటర్లు వెనక్కి పెట్టడం మేలు. 2 మి.మీ. లోపు చుక్కలు దాదాపు గుండ్రంగా ఉంటాయి, పెద్దవి బరువుకు కిందికి సాగి బింబాన్ని వంకర చేస్తాయి.

ఎండ గడ్డి మీదికి వచ్చాక కొన్ని తూనీగలు రెక్కలను వణికిస్తాయి, ఒంట్లో వేడి పుట్టించుకోవడానికి. అదే చివరి గంట. ఆ వెలుతురులో సాలెగూడు వెనక చీకటి పొద ఉండేలా, సూర్యుడికి ఎదురుగా నిలబడి రెండు మూడు ఫ్రేములు తీసుకోవచ్చు. మంచు ఆరాక గూడు కనబడదు.

మూడో రోజు: తడి అడవి

అడవి నేల మీద తొందర ఉండదు. పుట్టగొడుగు ఎగిరిపోదు. రెండు సెకన్లు, నాలుగు సెకన్ల ఎక్స్‌పోజరు ఇచ్చినా నిలబడే ఉంటుంది. అందుకే ఒక్క మిల్లీమీటరును ముప్పై మిల్లీమీటర్లుగా సాగదీసే పని, ఫోకస్ స్టాకింగ్, నేర్చుకోవాల్సింది ఇక్కడే. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఎన్నో ఫ్రేములు తీసి, వాటి పదును భాగాలను సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫోటోగా కలపడమే అది.

మొదట రంగు సరిచేసుకోవాలి. చెట్ల కప్పు కింద వెలుతురంతా ఆకుల్ని వడకట్టుకుని వస్తుంది, తెల్ల పుట్టగొడుగు పచ్చకామెర్లు పట్టినట్టు కనిపిస్తుంది. బూడిద రంగు కార్డును పుట్టగొడుగు పక్కనే పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోవాలి. తర్వాత పోలరైజర్. తడి ఆకుల మీద ఆకాశం ప్రతిబింబించి తెల్లటి పొరలా ఉంటుంది, తిప్పేకొద్దీ అది తొలగి అసలు పచ్చదనం బయటపడుతుంది. ఒకటిన్నర, రెండు స్టాపుల (స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) వెలుతురు పోతుంది, పోనివ్వండి. పూర్తిగా తిప్పితే మాత్రం తడి అన్న భావమే పోతుంది. చివరి మెరుపు కొంచెం మిగిలి ఉండగానే ఆపడం మంచిది.

ఇప్పుడు స్టాక్. 0.7 సైజులో, ఎఫ్/5.6 దగ్గర డెప్త్ 1.1 మి.మీ. కాస్త పైన. ఫ్రేముల మధ్య అంతకంటే తక్కువ, 0.8 మి.మీ. జరగాలి, అప్పుడు ఒకదాని పదును ఇంకొకదాని మీదికి కొంచెం ఎక్కుతుంది. టోపీ ముందు అంచు నుంచి వెనక అంచుకు 18 మి.మీ. ఉంటే 23 ఫ్రేములు. ముందు రెండు, వెనక మూడు అదనంగా కలుపుకుంటే 28. ముందు అంచుకంటే కాస్త ముందే, ఇంకా ఏదీ పదునుగా లేనిచోట మొదలుపెట్టడం ముఖ్యం. లేదంటే టోపీ ముందు పెదవి ఎప్పటికీ మసకే. 1:1 లోపు పనికి లెన్స్ ఫోకస్ తిప్పడం చాలు, అది దాటితే కెమెరాను కొంచెం కొంచెం జరిపే పట్టా, ఫోకస్ రైల్, కావాలి. కెమెరాలోనే ఆటోమేటిక్‌గా చేసే సదుపాయం ఉంటే అందులో ఫ్రేముకూ ఫ్రేముకూ ఎంత జరగాలన్నది మిల్లీమీటర్లలో ఉండదు, 1 నుంచి 10 అన్నట్టు ఏదో అంకె ఉంటుంది. ఆ అంకె ఎన్ని మిల్లీమీటర్లో మొదటి రోజు స్కేలు మీదే చూసుకుని రాసిపెట్టుకున్నవాళ్ళకు ఇక్కడ హాయి.

ఎక్స్‌పోజరు, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్. ఫ్రేము పది శాతం వదులుగా కట్టుకోవాలి. ఫోకస్ మారేకొద్దీ బొమ్మ సైజు కొంచెం మారుతుంది, సాఫ్ట్‌వేర్ వాటిని ఒకదానిమీద ఒకటి సర్దేటప్పుడు అంచులు కత్తిరించుకుపోతాయి.

చెడేవి ఎన్నో ఉన్నాయి. మధ్యలో ఒక ఫ్రేము ఎక్కువ జరిగితే టోపీ మీద అడ్డంగా మసక పట్టీ పడుతుంది. పదో ఫ్రేము దగ్గర ఆకుల సందులోంచి ఎండ పొడుచుకొస్తే ఆ మూడు ఫ్రేముల భాగం వేరే రంగులో తేలుతుంది, మళ్ళీ మొదటి నుంచి తీయడం తప్ప మార్గం లేదు. స్ప్రింగ్‌టెయిల్ అనే మిల్లీమీటరు పురుగు ఒకటి కాడ మీద నడుస్తూ పోతే తుది ఫోటోలో అది ఆరుచోట్ల అచ్చవుతుంది. వినడానికి సరదాగా ఉన్నా చెరపడానికి అరగంట. అందుకే మొదలుపెట్టే ముందు కాడను భూతద్దంతో చూసుకోవాలి. కాడ అంచు వెనక దూరంగా మసక నేపథ్యం ఉంటే, ఆ అంచు చుట్టూ వెలుగు చారలా ఒక పొగ మిగులుతుంది. అది తప్పు తీయడం వల్ల వచ్చేది కాదు. వెనక్కి ఫోకస్ చేసినప్పుడు ముందున్న కాడ ఉబ్బి, తన వెనక కొంత మేర కప్పేస్తుంది. సాఫ్ట్‌వేర్ బ్రష్‌తో ఏదో ఒక ఫ్రేములోంచి ఆ భాగాన్ని పూయాలి.

సాఫ్ట్‌వేర్‌లో పద్ధతి ఎంచుకోవడం మీద వాదనలు నడుస్తూనే ఉంటాయి. జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీమ్యాక్స్, డీమ్యాప్ అని రెండు పద్ధతులు ఉన్నాయి. పీమ్యాక్స్ నూగు, వెంట్రుకలు, ఒకదాని మీదుగా ఒకటి పోయే కాళ్ళ దగ్గర బాగుంటుంది. గ్రెయిన్, కాంట్రాస్ట్ పెంచుతుంది. డీమ్యాప్ నునుపు ఉపరితలాలకు, రంగు నిజంగా ఉండడానికి నయం, వెంట్రుకల దగ్గర తడబడుతుంది. పుట్టగొడుగు టోపీకి డీమ్యాప్, దాని మీదున్న నాచుకు పీమ్యాక్స్ చేసి రెండూ కలపడం శ్రమే గానీ ఫలితం కళ్ళకు తెలుస్తుంది.

టోపీ కింది మొప్పలు తీయాలంటే కెమెరా నేల మీదికి దిగాలి. ట్రైపాడ్ పక్కన పెట్టి గింజల సంచి మీద కెమెరా ఆనించాలి. మొప్పల్లోకి వెలుతురు పోదు. కాడ ముందు, ఫ్రేముకు బయట, తెల్ల అట్టను పరిచి కొంచెం పైకి వంచితే లోపలి గీతలన్నీ విప్పారతాయి. వెండి రేకు వాడితే వెలుతురు మరీ కటువుగా, మచ్చలు మచ్చలుగా పడుతుంది.

నాచు ఎండి ముడుచుకుని ఉంటే నీళ్ళు చిమ్మి కొన్ని నిమిషాలు ఆగాలి. ఆకులు కళ్ళ ముందే విప్పుకుంటాయి. అవి విప్పుకుంటున్నంతసేపూ స్టాక్ మొదలుపెట్టకూడదు, కదులుతున్న వస్తువును స్టాక్ చేసినట్టే అవుతుంది. నాచు కాడల కొసన ఉండే బీజకోశాలు గుళిక అంత కూడా ఉండవు, వాటి మూతి దగ్గర దంతాల వరుస ఉంటుంది. అది కనబడాలంటే 2:1, అంటే రెట్టింపు సైజు, దాటాలి. అడ్డంగా పడిన ఎండు పుల్లలను బ్రష్‌తో తీసేయొచ్చు. పుట్టగొడుగునే పీకి వెలుతురులో పెట్టి తీయడం మాత్రం పనికిరాదు.

నాలుగో రోజు: వాన

బయటికి పోలేని రోజు. కిటికీ చాలు.

కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు తాను తయారు చేసుకున్న కెమెరాతో మొక్కల మొగ్గలు, నులితీగలు, గింజకాయలు 30 ఏళ్ళకు పైగా తీశాడు, కొన్నింటిని 30 రెట్ల దాకా పెంచి. ఎప్పుడూ సాదా నేపథ్యం, మెత్తని పగటి వెలుతురు. ఆయన పేరు లోకానికి తెలిసింది 1928లో, 63 ఏళ్ళ వయసులో. ఆయన పుట్టిన 1865లోనే అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ పుట్టాడు. రైతు. 1885 జనవరి 15న, 19 ఏళ్ళ వయసులో, మైక్రోస్కోపుకు కెమెరా బిగించి ఒక మంచు స్ఫటికాన్ని తీశాడు. 1931లో చనిపోయేదాకా అదే పని, 5,000కు పైగా స్ఫటికాలు. మంచు రేకును నల్ల పలక మీద పట్టి, పుల్లతో ఎత్తి, ఊపిరి బిగపట్టి గాజు మీదికి చేర్చేవాడు. ఊపిరి తగిలితే కరిగిపోతుంది. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఎవరి సాదా పరికరంతో, ఎవరి పద్ధతితో వాళ్ళు పనిచేశారు. కొత్త లెన్స్ ఎప్పుడొస్తుందా అని చూసే మనకు ఇది కాస్త ఇబ్బంది కలిగించే సంగతే.

వాన రోజు చేసే పని వాళ్ళ దారిలోదే. అడవిలో రాలి పడి ఉన్నవి, అంటే ఈనెలు మాత్రమే మిగిలిన ఆకు, పిట్ట ఈక, పగిలిన కాయ, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన నల్ల అట్ట మీద పెట్టాలి. కిటికీకి ఎదుటి వైపు తెల్ల అట్ట. అట్టను దగ్గరికి, దూరానికి జరుపుతూ నీడ ఎంత చిక్కగా ఉండాలో తేల్చుకోవచ్చు. ఆకు ఈనెలను వెనక వెలుతురులో తీయాలంటే ట్యాబ్లెట్ తెరను తెల్లగా వెలిగించి, దానికి ఆరేడు సెంటీమీటర్ల పైన గాజు పలక ఎత్తి, ఆకును దాని మీద పరవాలి. ఆకును తెర మీదే పెడితే పిక్సెళ్ళ గళ్ళు కూడా ఫోటోలోకి వస్తాయి. ఈక తీసేటప్పుడు వాలు వెలుతురు కావాలి. పోగుల మీంచి పుట్టే పిల్లపోగులు ఒకదాన్నొకటి కొక్కేలతో పట్టుకుని ఉండడం అప్పుడే తెలుస్తుంది.

రాత్రికి లెన్సులను సిలికా జెల్‌తో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బూజు పట్టదు, రబ్బరూ ఎండిపోదు.

అయిదో రోజు: బోడి కొండ

గాలి ఆగదని తెలిసే వెళ్ళాలి. ఇక్కడ ట్రైపాడ్ బరువే తప్ప సాయం కాదు, పని ఫ్లాష్‌ది. షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ 1/16 శక్తి. ఈ అమరికలో నీడ పట్టునున్న పురుగు మీద పగటి వెలుతురు దాదాపు నమోదు కాదు, ఫోటో మొత్తం ఫ్లాష్ వెలిగిన క్షణంలోనే తయారవుతుంది. 1/16 శక్తిలో మంచి ఫ్లాష్ వెలిగేది సెకనులో పదివేలవ వంతు. ఏ గాలీ దాన్ని చెరపలేదు. నిండు శక్తిలో అయితే అదే ఫ్లాష్ వెయ్యో వంతు దాకా సాగుతుంది, చీమ మీసాలు అలుక్కుపోతాయి.

డిఫ్యూజర్ ఎంత పెద్దదన్నది అసలు ప్రశ్న కాదు, పురుగు దగ్గర నిలబడి చూస్తే అది ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదే ప్రశ్న. 15 సెం.మీ. వెడల్పు తెల్ల కాగితం పురుగుకు 8 సెం.మీ. దూరంలో ఉంటే మబ్బు ఆకాశం లాంటి వెలుతురు. అదే కాగితం ఫ్లాష్ తల మీదే, అడుగు దూరంలో ఉంటే చిన్న గట్టి బల్బు. తేడా కన్ను మీది మెరుపులో తెలుస్తుంది: మొదటిదానిలో మెత్తటి మీగడ, రెండోదానిలో తెల్లగా కాలిన చుక్క. ఫ్లాష్ తలకూ కాగితానికీ మధ్య కూడా జాగా ఉండాలి, లేకపోతే కాగితం నడుమ ఒక్కచోటే వెలుగుతుంది.

నేపథ్యం నల్లబడిపోతోందన్న ఫిర్యాదుకు కారణం దూరమే. ఫ్లాష్ నుంచి పురుగు 15 సెం.మీ., వెనకున్న రాయి 60 సెం.మీ. అయితే రాయి మీద పడేది పదహారో వంతు, నాలుగు స్టాపులు తక్కువ. పురుగు వెనక నాలుగైదు సెంటీమీటర్లలో ఏదైనా ఎండుటాకు ఉండే కోణం వెతికితే నలుపు పోతుంది.

రాతి మీద గెంతే సాలీడు మాక్రో వాళ్ళకు పుణ్యం కొద్దీ దొరికిన జీవి. చాలావాటికి అర సెంటీమీటరు ఒళ్ళు, ఎనిమిది కళ్ళు, అందులో ముందు రెండు ఇంత పెద్దవి. పారిపోకుండా తిరిగి లెన్స్ వైపు చూస్తుంది. ఫోకస్ ఆ రెండు కళ్ళ మీదే, తప్పితే ఫోటో లేదు. ఆటోఫోకస్ ఆపేసి, కావాల్సిన సైజుకు లెన్స్‌ను స్థిరం చేసి, ఒంటిని నెమ్మదిగా ముందుకు వాల్చుతూ కళ్ళు పదునెక్కిన క్షణంలో నొక్కాలి. పదిలో ఒకటి దక్కితే చెయ్యి తిరిగినట్టే. పురుగు పుల్ల మీదో గడ్డి మీదో ఉంటే ఇంకో ఉపాయం: ఎడమ చేతి వేళ్ళతో ఆ పుల్లను పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ముందు భాగాన్ని ఆనించాలి. గాలికి పుల్ల ఊగితే లెన్సూ దాంతోపాటే ఊగుతుంది, మధ్య దూరం మారదు.

చీమల వెంట పరుగెత్తకూడదు. వాటి బాటలో ఒకచోట ముందే ఫోకస్ పెట్టుకుని అక్కడ కాపు కాయాలి.

రాళ్ళ మీద మచ్చల్లా పెరిగే లైకెన్లకు మధ్యాహ్నం పనికిరాదనుకుంటారు. గొడుగు నీడ పట్టి తీస్తే పనికొస్తుంది. రాతికి అతుక్కున్న పెచ్చు రకాలు చదునుగా ఉంటాయి, కెమెరాను సమాంతరం చేస్తే ఎఫ్/5.6కే అంతా అందుతుంది. వీటిలో చాలా రకాలు ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. ట్రైపాడ్ కాలి మేకు గీసిన గీత ఎన్నేళ్ళకు పూడుతుందో లెక్క వేసుకోవచ్చు.

ఆరో రోజు: సముద్రపు ఒడ్డు

ఆటుపోట్ల పట్టిక చూడకుండా వెళ్ళడం దండగ. నీరు అత్యంత వెనక్కి వెళ్ళే సమయానికి గంటన్నర ముందు చేరి, వెనక్కి పోయే నీటి వెంట లోపలికి నడవాలి. నీరు తిరగగానే బయటికి రావాలి. ఈ సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు మామూలు కంటే ఎక్కువ వెనక్కి పోతుంది, ఎప్పుడూ మునిగి ఉండే రాళ్ళు బయటపడతాయి.

రాళ్ళ మధ్య నీటి గుంటల్లోకి చూడడానికి పోలరైజర్ తీస్తారు. నిటారుగా పైనుంచి తీస్తూ ఎంత తిప్పినా ఏమీ మారదు. నీటి మీది మెరుపు పోలరైజర్‌కు పూర్తిగా లొంగేది నీటి మట్టానికి 37 డిగ్రీల ఎత్తు నుంచి చూసినప్పుడు. నిటారుగానే తీయాలంటే నల్ల గొడుగుతో ఆకాశాన్ని కప్పేయాలి. ఇసుకలో ట్రైపాడ్ కాళ్ళను ముందే గట్టిగా అదిమి, ఒకటి రెండు అలలు పోనిచ్చి తీయాలి. కాళ్ళ చుట్టూ నీరు వెనక్కి జారినప్పుడు ఇసుక కూడా జారి, కెమెరా కనబడకుండా కుంగుతుంది.

ఇక్కడ లెన్స్ మార్చకూడదు. గంటకోసారి ఫిల్టర్ మీద ఉప్పు పొర చూసుకోవాలి, అది పొడి బట్టతో తుడిస్తే గీతలవుతుంది. మంచినీళ్ళతో తడిపిన బట్టతో ముందు కరిగించి, ఆ తర్వాతే పొడి బట్ట.

కొంచెం ఇసుక చిన్న డబ్బాలో తెచ్చుకుంటే సాయంత్రానికి పని దొరుకుతుంది. ఇసుక అంటే 0.06 నుంచి 2 మి.మీ. రేణువులు. అర మిల్లీమీటరు రేణువు 1:1లో 80 పిక్సెళ్ళు, అంటే చుక్క. 100 మి.మీ. లెన్స్ ముందు 50 మి.మీ. లెన్స్‌ను తిరగేసి బిగిస్తే సైజు రెట్టింపు, 160 పిక్సెళ్ళు, అప్పుడు రేణువులు వేరు వేరుగా తెలుస్తాయి. ఇన్ఫినిటీ రకం (వెనక మరో లెన్స్‌తో కలిపి వాడే రకం) 10x మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్‌ను, అంటే మైక్రోస్కోపులో వస్తువు వైపుండే లెన్స్‌ను, 200 మి.మీ. లెన్స్‌కు బిగిస్తే 800 పిక్సెళ్ళు దాటుతుంది, గవ్వ ముక్క ఏదో, గాజులాంటి స్ఫటిక ఏదో చెప్పేయొచ్చు. కాకపోతే అక్కడ చేతిలో ఉండే డెప్త్ మిల్లీమీటరు కాదు, కొన్ని మైక్రాన్లు. గదిలో ఎవరైనా నడిచినా ఫ్రేము చెడుతుంది.

పడుకునే ముందు కార్డులను రెండు చోట్లకు కాపీ చేయాలి, ఫార్మాట్ ఇంటికి వెళ్ళాకే. ట్రైపాడ్ కాళ్ళ కింది ముక్కలను పూర్తిగా బయటికి లాగి, తాళాలు విప్పి, మంచినీళ్ళు పోసి కడిగి, తలకిందులుగా ఆరబెట్టాలి. తిప్పుతున్నప్పుడు కరకరమంటే ఇసుక ఇంకా లోపలే ఉంది, మళ్ళీ విప్పాలి.